తిరిగివ్వని మాత్రలు

"కారు తాళాలు ఇలా ఇవ్వమ్మా."

కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడి తల్లి ముందు చెయ్యి చాపాడు. అలా అడగడం అది మూడోసారి.

ఆవిడ వంగి చెప్పు పట్టీ బిగించుకుంటోంది. తల ఎత్తలేదు. "పదిన్నరకి క్లాసుంది. తప్పుకో."

"మాత్రల డబ్బా కార్లోనే పెట్టావు. ఇల్లంతా వెతికాను. వంటింట్లో అటక మీద సామాను కూడా దించాను."

"దించినవి మళ్ళీ సర్దావా, అలాగే వదిలేశావా?"

కోడలు బల్ల దగ్గర కూర్చుని ఇద్దరినీ చూస్తోంది. ఆమె ముందు ఫోను ఉంది. పొద్దుటి నుంచి ఆస్పత్రి వాళ్ళు రెండుసార్లు చేశారు. రెండుసార్లూ ఒకటే మాట. కొత్త మందు మీద జరుగుతున్న పరీక్ష ఆపేశాం. మిగిలిన మాత్రలు సాయంత్రం ఐదులోపు తెచ్చివ్వాలి. ఇక ఒక్కటి కూడా మింగకూడదు. మందు వేసుకుంటున్న వాళ్ళలో ఇద్దరికి పెద్దపేగుకి రక్తం అందక దెబ్బతింది, ఒకరికి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది.

ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో అన్న గుట్టు కూడా ఈ రోజే విప్పారు. అత్తగారిది అసలు మందే.

"అసలుదని నాకు రెండో వారంలోనే తెలుసు," అంది అత్తగారు నిటారుగా నిలబడి. "ఇంతకీ ఇద్దరికంటున్నారు. ఎంతమందిలో?"

"మూడొందల మందిలో," అంది కోడలు.

"మరి మిగతా రెండొందల తొంభై ఎనిమిది మంది సంగతేంటి? వాళ్ళని ఎవరైనా అడిగారా?"

"వాళ్ళందరూ మాత్రలు తిరిగి ఇచ్చేస్తున్నారమ్మా," అన్నాడు కొడుకు. "నీలాగా దాచుకుని కూర్చోలేదు."

అత్తగారు తాళాల గుత్తిని అరచేతిలో మరింత గట్టిగా పట్టుకుంది.

ఆవిడ డ్రైవింగ్ టీచరు. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని వందల మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందో ఆవిడకే లెక్క లేదు. అందులో చివరి అయిదేళ్ళు మాత్రం ఆవిడ పాఠాలు ఏ రోడ్డు మీద చెప్పాలో నిర్ణయించింది ఆవిడ కడుపే. పెట్రోలు బంకు, లైబ్రరీ, బట్టల దుకాణం రెండో అంతస్తు. మరుగుదొడ్డి ఉన్నచోటి నుంచి ఇంకో మరుగుదొడ్డి ఉన్నచోటికి. నేర్చుకునేవాళ్ళు అదేదో పాఠంలో భాగమనుకునేవారు. ఒక రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, పక్కన శిష్యుడు ఉండగానే కార్లో జరగకూడనిది జరిగింది. ఆ రోజు నుంచి ఆవిడ కారెక్కలేదు. నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది.

డాక్టర్లు గొట్టాలు వేసి చూశారు, రక్తం తీసి చూశారు. అంతా బాగుందన్నారు. టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇంట్లో కొడుకూ అదే అన్నాడు.

కొడుకు ఇప్పుడు భార్య వైపు తిరిగాడు. "నువ్వేమీ మాట్లాడవేం? తీసుకెళ్ళింది నువ్వే కదా. నీ ల్యాబు, నీ రిసెప్టర్లు, మా అమ్మ కడుపు."

కోడలు ఏదో చెప్పబోయి ఊరుకుంది. ఆ మందు తమ ల్యాబులో తయారైంది కాదు. కానీ ఆ మందు వెళ్ళి అడ్డుపడే చోటు గురించే ఆమె తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. అత్తగారి పేరు ఆస్పత్రిలో రాయించిందీ ఆమే. అదంతా ఇప్పుడు విడమరచి చెబితే తప్పించుకోవడంలా ఉంటుంది.

"దాన్నేమీ అనకు," అంది అత్తగారు. గొంతు పెంచలేదు. "నా నొప్పి నాటకం కాదని ఈ ఇంట్లో మొదట అన్నది అదే."

కొడుకు చాపిన చెయ్యి కిందికి దిగింది.

అతని ఫోను మోగింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎక్కడో ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ముగ్గురు ఇరుక్కుపోయారట. వస్తున్నానని చెప్పి పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. వెళ్తూ భార్యతో ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఐదులోపు. ఎలా చేస్తావో నీ ఇష్టం."

తలుపు గట్టిగా వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

అత్తగారు కారు స్టార్టు చేసేసరికి వెనక సీట్లో కోడలు కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికి?"

"ల్యాబుకి. దారిలో దింపెయ్యండి."

"ఈ రోజు సెలవన్నావుగా."

"మానేశాను."

అత్తగారు అద్దంలోంచి చూసింది. "డ్రైవింగ్ ఎలాగూ రాలేదు. అబద్ధమైనా సరిగ్గా ఆడటం నేర్చుకోమ్మా."

ఇద్దరూ నవ్వలేదు. కానీ నవ్వొచ్చినట్టే కాసేపు కారులో గాలి తేలికపడింది.

దర్జీ ఆవిడ తన దుకాణం ముందు మెడలో కొలతల టేపుతోనే నిలబడి ఉంది. నలభై దాటాయి. ఇది ఆవిడకి తొమ్మిదో పాఠం. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు కావడంతో యాక్సిలరేటరు మీద కూడా అదే వరసలో ఆడుతుంది. కారు రెండు గజాలు ఉరికి, కాస్త ఆగి, మళ్ళీ ఉరుకుతుంది.

"నొక్కి ఉంచమ్మా, తొక్కకు," అంది అత్తగారు పక్క సీట్లోకి మారాక. "ఇక్కడ కుట్లు పడక్కర్లేదు."

"అలవాటు మేడం. కాలు నా మాట వినట్లేదు."

"వింటుంది. ముందు అద్దం చూడు. వెనక మా కోడలుంది. దాన్ని కాదు, దాని వెనక రోడ్డు చూడు."

కోడలు వెనక నుంచి అత్తగారిని గమనిస్తోంది. మందు మొదలుపెట్టిన ఈ ఏడు నెలల్లో ఆవిడ భుజాలు విచ్చుకున్నాయి. మాటలో పాత చమత్కారం తిరిగొచ్చింది. మొదటి రెండు నెలలయ్యాక ఒక సాయంత్రం ఆవిడ ఒక్కతే నగరానికి ఆ చివర దాకా నడిపి, తిరిగొచ్చి, "ఎక్కడా ఆగలేదు," అని మాత్రం చెప్పింది. చెప్పాక చాలాసేపు కళ్ళు తుడుచుకుంది.

కానీ ఈ వారం ఆవిడ కంచంలో సగం మిగులుతోంది. కోడలు చూసింది. అడగలేదు.

కారు ఆస్పత్రి వైపు వెళ్ళే పెద్దరోడ్డు ఎక్కడానికి ముందు ఒక ఇరుకు మలుపు ఉంది. పక్క సందులోంచి సైకిలు మీద ఒక ముసలాయన బయటికొచ్చాడు. దర్జీ ఆవిడ అతన్ని చూసింది. చూసి బిగుసుకుపోయింది. ఇలాంటప్పుడు అత్తగారి కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద ఎప్పుడో పడి ఉండాలి.

పడలేదు.

"అత్తయ్యా," అంది కోడలు.

అప్పుడు పడింది. కారు గింజుకున్నట్టు ఆగింది. సైకిలు ముందు చక్రానికీ కారుకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ముసలాయన ఒక కాలు నేలకి ఆనించి, కారు మీదున్న ఎల్ బోర్డు చూసి, లోపలున్న ముగ్గురినీ చూసి, తిట్టాల్సిందేదో మనసులోనే తిట్టుకుని వెళ్ళిపోయాడు.

దర్జీ ఆవిడ సైకిలు వెళ్ళిన వైపే చూస్తోంది. "తప్పు నాదే మేడం. చూశాను. చూసి కూడా..."

"తప్పు నీది కాదు. నా కాలు ఆలస్యమైంది. పక్కకి తీసి ఆపు. ఇండికేటరు వెయ్యి."

కారు రోడ్డు వారగా ఆగింది. అత్తగారి పైపెదవి మీద చెమట పట్టింది. ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద, ఎడమ వైపున, కిందికి నొక్కుకుని ఉంది. అక్కడ ఆ చెయ్యి ఎంతసేపటి నుంచీ ఉందో కోడలికి తెలియదు.

"ఎక్కడ నొప్పి అత్తయ్యా?"

"ఎక్కడా లేదు."

"మరి ఆ చెయ్యి తియ్యండి."

అత్తగారు తియ్యలేదు.

దర్జీ ఆవిడ ఇద్దరి ముఖాలూ చూసి, తనకి తనే తలుపు తీసుకుంది. "నేనలా నీడలో నిలబడతాను. పిలవండి." వెళ్ళి మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద నిలబడి, చేసే పనేమీ లేక కొలతల టేపుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

కోడలు ముందుకి వంగింది. "రక్తం పడిందా?"

అత్తగారు అద్దంలోకి చూడలేదు. ఎదురుగా రోడ్డునే చూస్తోంది. "రెండుసార్లు."

"నొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు రోజులు."

"పొద్దున మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

కోడలికి కోపం రాలేదు. ఇండికేటరు టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"ఏడు నెలలమ్మా," అంది అత్తగారు. "రోడ్డెక్కితే రోడ్డు కనపడింది. అంతకుముందు నాకు తలుపులే కనపడేవి. ఏ తలుపు తీసి ఉంది, ఏది తాళం వేసి ఉంది. నువ్వు చెప్పు, మళ్ళీ అక్కడికి వెళ్ళమంటే ఎవరు వెళ్తారు?"

"నన్ను మీరు ల్యాబులో ఒకటి అడిగారు. గుర్తుందా?"

గుర్తుంది. ఒక సెలవు రోజు కోడలు ఆవిడని తన ల్యాబుకి తీసుకెళ్ళింది. ఆపరేషన్లలో తీసేసిన పేగు నుంచి, ఆ రోగుల అనుమతితో తెచ్చిన చిన్న ముక్క. గోరువెచ్చని ఉప్పునీళ్ళ గాజుగొట్టంలో దారం కట్టి వేలాడదీశారు. కోడలు అందులో ఒక చుక్క సెరటోనిన్ అనే రసాయనం వేసింది. ఆ ముక్క బిగుసుకుంది, తెర మీద గీత కొండలా పైకి లేచింది. మనిషి లేడు, మనసు లేదు, టెన్షన్ లేదు. ఒట్టి పేగుముక్క. ఒంట్లో ఉండే సెరటోనిన్ నూటికి తొంభై పాళ్ళు పేగులోనే ఉంటుందని, అది వెళ్ళి అంటుకునే చోట్లనే రిసెప్టర్లంటారని, అవి చాలా రకాలని, మూడో రకానివి నొప్పి కబురు మెదడుకి మోస్తాయని, పేగుని తొందరపెడతాయని కోడలు చెప్పింది. అత్తగారు ఆ గీతనే చూస్తూ, "ఈ గీత నేనే," అంది. తర్వాత, "ఆ మూడో రకాన్ని మూసేస్తే ఇంకేమీ కాదా?" అని అడిగింది.

"మూసేస్తే మీ బాధ తగ్గుతుందని చెప్పాను," అంది కోడలు ఇప్పుడు. "తగ్గింది. కానీ ఆ రసాయనం పేగులో చేసే పని ఒక్కటి కాదత్తయ్యా. పేగు మరీ నెమ్మదించిపోతుంది కొందరికి. కొందరికి పేగుకి అందే రక్తం తగ్గిపోతుంది. ఎందుకు తగ్గుతుందో, ఎవరికి తగ్గుతుందో మాకు తెలీదు."

"తెలీదా?"

"తెలీదు."

అత్తగారు మొదటిసారి వెనక్కి తిరిగి చూసింది.

"తొమ్మిదేళ్ళు తిరిగాను డాక్టర్ల చుట్టూ. ఒక్కరంటే ఒక్కరు నాతో ఆ మాట అనలేదు. అందరికీ అన్నీ తెలుసు."

"ఇంకొకటి కూడా చెప్పాలి మీకు," అంది కోడలు. "ఈ వారం మీరు సరిగ్గా తినట్లేదని చూశాను. అడగలేదు. అడిగితే మీరేం చెప్తారోనని భయం. ఈ మందు పనిచెయ్యాలని మీకెంత ఉందో నాకూ అంతే ఉంది."

అత్తగారు డ్యాష్‌బోర్డు అర తెరిచి, గుడ్డలో చుట్టిన తెల్ల డబ్బా తీసి వెనక్కి అందించింది. అందిస్తూనే మళ్ళీ వంగిపోయింది. ఈసారి నోట్లోంచి సన్నటి మూలుగు బయటికొచ్చింది.

కోడలు అంబులెన్సుకి ఫోను చేసింది. నలభై నిమిషాలు పడుతుందన్నారు. ఆస్పత్రి నాలుగు సిగ్నళ్ళ అవతల ఉంది. కోడలికి కారు నడపడం రాదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు మూడు పాఠాలు చెప్పి, "మనం ఒకే ఇంట్లో ఉండాలి కాబట్టి ఇంతటితో ఆపేద్దాం," అని వదిలేసింది.

అత్తగారే కిటికీలోంచి చెయ్యి ఊపి దర్జీ ఆవిడని పిలిచింది.

"ఈ రోజు పాఠం ఆస్పత్రి దాకా. నడుపుతావా?"

"నేనా మేడం? ఇందాకే కదా..."

"నా కాలు బాగోలేదు. నీ కాలు బాగానే ఉంది." ఆవిడ మెల్లగా దిగి వెనక సీట్లో పడుకుంది. కోడల్ని ముందు సీట్లోకి పంపించింది. "నీ కాలి కింద ఉన్నది బ్రేకు. నేను చెప్పినప్పుడు తొక్కు. నేను చెప్పకపోయినా భయమేస్తే తొక్కు."

"నాకు ఇప్పుడే భయమేస్తోంది."

"కారు కదలనీ ముందు."

కదిలింది. దర్జీ ఆవిడ పెదాలు కదుపుతూ తనలో తనే పాఠం చెప్పుకుంటోంది. మొదటి సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. వెనక సీట్లోంచి అత్తగారి గొంతు పలచగా, తొణక్కుండా వచ్చింది. "మోగనీ. వాళ్ళందరూ కూడా ఒకప్పుడు ఆపేసినవాళ్ళే. క్లచ్ పూర్తిగా నొక్కు. ఇప్పుడు తాళం తిప్పు."

రెండో సిగ్నలు దాటాక ఆ గొంతు ఆగిపోయింది. కోడలు వెనక్కి చూడబోతే, "రోడ్డు చూడు," అని వినపడింది.

మూడో సిగ్నలు తర్వాత దర్జీ ఆవిడ కాలు కుట్టుమిషను సంగతి మర్చిపోయింది. కారు మొదటిసారి నున్నగా సాగింది. అది ఎవరూ పైకి అనలేదు. ఆస్పత్రి అత్యవసర విభాగం ముందు కారాపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేసింది.

కొడుకు ఆస్పత్రికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. చేతులకి గ్రీజు అలాగే ఉంది. అప్పటికి స్కానింగు, గొట్టం వేసి చూడటం రెండూ అయిపోయాయి. తల్లి చేతికి సెలైను ఎక్కుతోంది.

కొత్త మందు పరీక్ష నడిపిన డాక్టరు వచ్చి చెప్పాడు. పెద్దపేగు ఎడమ వైపు వాచి, అక్కడక్కడ పాలిపోయింది. కానీ పేగు చచ్చిపోలేదు. రెండు రోజులు నోటితో ఏమీ ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉండాలి. మానుతుందనే అనుకుంటున్నాం. ఇప్పటికి ఆపరేషన్ అవసరం లేదు.

కొడుకు మంచం అంచున కూర్చుని తల్లి పాదం పట్టుకున్నాడు. గ్రీజు అంటుకుంటుందని చూసుకుని చెయ్యి తియ్యబోయాడు.

"ఉండనీ," అంది తల్లి.

"లిఫ్టు ఆగితే తీగలన్నీ చూస్తానమ్మా నేను. అన్నీ బాగున్నా ఆగితే, ఎక్కడో నాకు కనపడని తప్పుందనుకుంటాను. లిఫ్టుని నమ్మాను. నిన్ను నమ్మలేదు."

తల్లి కళ్ళు మూసుకుంది. "లిఫ్టులో వాళ్ళు బయటికొచ్చారా?"

"వచ్చారు."

కోడలు తెల్ల డబ్బాని డాక్టరుకి అప్పగించింది. గోడ మీద గడియారంలో నాలుగున్నర. భర్త ఆమె వైపు చూసి, తన పక్కనున్న కుర్చీని కాస్త ఆమె వైపు జరిపాడు. ఆమె వెళ్ళి కూర్చుంది.

డాక్టరు ఫారం తెరిచాడు. "కొన్ని రాసుకోవాలమ్మా. నొప్పి మొదలై ఎన్ని రోజులయింది?"

"నాలుగు రోజులట," అంది కోడలు.

అత్తగారు కళ్ళు తెరిచింది. పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు ఊరుకుంది. ఎంతసేపంటే, డాక్టరు ఆ అంకె రాసేసి కింది గడిలోకి వెళ్ళాడు.

"అది కొట్టెయ్యండి," అంది. "పన్నెండు రోజులు."

కోడలు గభాలున తిరిగి చూసింది. ఎనిమిది రోజుల కిందట ఇదే ఆస్పత్రిలో నెలవారీ తనిఖీ అయింది. నర్సు ఒక్కొక్క ప్రశ్నే చదువుతుంటే అత్తగారు, "లేదు, లేదు," అంటూ పోయింది. కడుపులో కొత్తగా నొప్పి ఏమైనా ఉందా అన్నదానికీ లేదనే అంది. కోడలు పక్కనే కూర్చుని ఉంది.

"తనిఖీ రోజు చెప్పలేదేమ్మా?" అన్నాడు డాక్టరు.

"చెబితే ఆపేస్తారుగా."

"మీకు ఆపేసేవాళ్ళం." ఆయన ఫారం మీంచి తలెత్తాడు. "అప్పటికి మాకు ఒక్క కేసే తెలుసు. ఒక్కటే కదా, జాగ్రత్తగా గమనిద్దామనుకున్నారు పరీక్షని పర్యవేక్షించే కమిటీ వాళ్ళు. రెండోది మొన్న వచ్చింది. రాగానే కమిటీ కూర్చుంది, ఈ రోజు అందరికీ ఆపేశారు."

కొడుకు చెయ్యి తల్లి పాదం మీద అలాగే ఉండిపోయింది.

"ఎనిమిది రోజుల కిందట నేను ఉందని చెబితే," అంది అత్తగారు నెమ్మదిగా, "రెండోది నాదయ్యేది."

డాక్టరు కాదనలేదు.

"ఆ రోజే అందరికీ ఆపేసేవారు. ఆ రెండో మనిషికి కూడా."

"అత్తయ్యా, ఇప్పుడవన్నీ ఎందుకు," అంది కోడలు.

"ఉండమ్మా." ఆవిడ సెలైను చెయ్యి కదలకుండా, రెండో చేత్తో మంచం ఇనుపకమ్మీ పట్టుకుని కాస్త లేచింది. "మొన్న వచ్చారన్న ఆ మనిషి. ఆపరేషన్ అయింది వాళ్ళకేనా?"

"ఇంకొకరి వివరాలు మీకు చెప్పడానికి లేదమ్మా."

"పేరు అడగలేదు బాబూ. ఆడో మగో కూడా అడగలేదు. ఏ గదో అసలే వద్దు. ఎలా ఉన్నారో ఒక్కటే చెప్పండి."

డాక్టరు కలానికి మూత పెట్టాడు. ఫారం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళి, తెరిచి ఉన్న గది తలుపు మూసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.